రోజూ చేయాలనుకున్న పని రోజూ జరగాలంటే: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. డ్యూటీ చేస్తూనే పద్నాలుగు నెలలు చదివి డిపార్ట్‌మెంటల్ పరీక్ష పాసయ్యాను. అంతకుముందు అదే పరీక్షకు మూడుసార్లు చదవడం మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో వదిలేశాను. ఈసారి ఎలా కుదిరింది అని మా కాలనీలో, డ్యూటీలో, ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు మీద కలిసేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అడిగేవాళ్ళలో చదువుకునే పిల్లలున్నారు, షుగర్ వచ్చి నడవాల్సినవాళ్ళున్నారు, అప్పులు తీర్చుకోవాల్సినవాళ్ళున్నారు. అందరికీ ఒకచోట చెబుదామని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్నీ సైకాలజిస్టునీ కాను, కాబట్టి పరిశోధనల్లో తేలిందేదో, నా అనుభవమేదో విడిగా తెలిసేలా రాశాను.

చాలా మార్చుకోవాలని ఉంది. నడక, చదువు, పొదుపు, ఫోన్ తగ్గించడం. ముందు ఏది మొదలుపెట్టాలి?

ఒక్కటే ఎంచుకోండి. మిగతావి కాగితం మీద రాసి బీరువాలో పెట్టేయండి, అవి ఎక్కడికీ పోవు. జనవరి ఒకటో తారీఖున ఐదు పనులు ఒకేసారి నెత్తికెత్తుకున్నవాళ్ళలో కనుమ దాటేసరికి ఒక్కటైనా చేస్తున్నవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఆరంభశూరత్వం అంటారు, మనమూ నిజమే కాబోలు అనుకుంటాం, ఆ మాట మనసులో దిగబడిపోయాక మళ్ళీ మొదలుపెట్టడానికే మొహం చెల్లదు.

ఎంచుకున్నాక దాన్ని ఒక వాక్యంగా రాయండి. ఏ పని అవగానే చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎంతసేపు చేస్తారు, ఈ మూడూ అందులో ఉండాలి. "రోజూ చదువుతాను" అన్నది కోరిక మాత్రమే. "రాత్రి అన్నం తిని కంచం కడిగాక, కిటికీ పక్క కుర్చీలో, ఇరవై నిమిషాలు చదువుతాను" అంటే అది చేయగలిగే పని అవుతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు దీని మీద చాలా ఏళ్ళు పనిచేశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే తేల్చుకున్నవాళ్ళు, ఊరికే చేయాలి అనుకున్నవాళ్ళకంటే బాగా ఎక్కువగా అనుకున్నది చేస్తున్నారని, 94 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసి 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ అనే మరో పరిశోధకుడూ రాశారు. నా విషయంలోనూ తేడా ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలైంది. అంతకుముందు మూడుసార్లూ నా టైంటేబుల్లో టైం ఉంది గానీ చోటు లేదు. మంచం మీద, హాల్లో టీవీ పక్కన, డాబా మీద, ఎక్కడ పడితే అక్కడ కూర్చునేవాణ్ణి, ఈ రోజు ఎక్కడ కూర్చోవాలా అని చూసుకోవడంలోనే సగం ఓపిక అయిపోయేది.

21 రోజులు ఆగకుండా చేస్తే అలవాటైపోతుందంటారు. నిజమేనా?

ఆ లెక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీ టెన్షన్ తగ్గుతుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో వచ్చిన తన పుస్తకంలో, ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని రాశారు. అది ఆయన గమనించిన సంగతి. రానురాను జనం నోళ్ళలో "కనీసం" అన్న మాట రాలిపోయింది, ముఖం సంగతి కాస్తా అన్ని అలవాట్లకూ అంటుకుంది.

నిజంగా కొలిచి చూసినవాళ్ళు లండన్‌లో ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి, 2009లో ఫలితాలు బయటపెట్టింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ టిఫిన్ తర్వాత అనో మరొకటనో ఒకే సందర్భానికి దాన్ని ముడివేసుకున్నారు. ఆ పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే వచ్చింది, అందరికంటే ఆలస్యం కాగలిగినవాళ్ళకు 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. 254 అన్నది అంచనా, ఎందుకంటే వాళ్ళు చూసింది 12 వారాలే. నీళ్ళు తాగడం, పండు తినడం లాంటివి త్వరగా కుదురుకున్నాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. అందుకని 22వ రోజు పొద్దున కూడా బద్ధకంగానే ఉంటే మీలో ఏదో లోపం ఉందనుకోకండి. రెండు మూడు నెలలు ఉంటుందని ముందే మనసుకు చెప్పుకోండి.

పొద్దున్నే నాలుగున్నరకు లేవాల్సిందేనా?

అక్కర్లేదు. మన విశాఖలో సూర్యుడు జూన్‌లో 5:20 ప్రాంతంలో వస్తాడు, జనవరిలో 6:30 దగ్గరపడుతుంది. అంటే వేసవిలో సుఖంగా లేచిన టైమే చలికాలంలో కటిక చీకటి. పైగా రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తే మిగిలేది ఐదు గంటల నిద్ర, పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర తగ్గించి కట్టిన రొటీన్ ఏదైనా మూన్నాళ్ళ ముచ్చటే. మీకు రాత్రి తొమ్మిదికి బుర్ర బాగా పనిచేస్తుంటే రాత్రి తొమ్మిదికే చేయండి.

నాకు షిఫ్టు డ్యూటీ. వారం వారం మారిపోతుంది. రోజూ ఒకే టైం అంటే ఎలా కుదురుతుంది?

ఈ ప్రశ్న నాదే. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, పరవాడ వైపు ఫార్మా కంపెనీలు, రాత్రంతా అమెరికా టైంకి పనిచేసే ఐటీ పిల్లలు, ఈ ఊళ్ళో గడియారం అందరికీ ఒకటి కాదు. అయినా రొటీన్ గురించి చెప్పేవాళ్ళంతా పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళ కోసమే చెబుతారు, అది విని మనకు కుదరదులే అనుకుని వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను.

గడియారాన్ని వదిలేసి పనికి పని ముడివేయండి. నేను 'ఏ' షిఫ్టు (ఉదయం 6 నుంచి 2) చేసినా, బీ షిఫ్టు (2 నుంచి రాత్రి 10) చేసినా, ఇంటికి రాగానే స్నానం చేస్తాను, ఆ ఒక్కటీ ఏ రోజూ తప్పదు. కాబట్టి స్నానం అయ్యాక, అన్నానికి కూర్చోకముందు, ఇరవై నిమిషాలు పుస్తకం. తిన్నాక అని పెట్టుకుంటే 'ఏ' షిఫ్టు రోజు మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చేస్తుంది, అది రెండు నెలలు చేసి చూశాకే మార్చాను. సీ షిఫ్టు (రాత్రి 10 నుంచి 6) సంగతి వేరు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి చదవబోతే అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ వారానికి నా దగ్గర రెండో వాక్యం ఉండేది: మధ్యాహ్నం నిద్ర లేచి టీ తాగాక, అదే కుర్చీలో, పది నిమిషాలు. సగమే, కానీ కుర్చీ మారలేదు.

షిఫ్టు మారే మొదటి రోజు ఒళ్ళు మాట వినదు. ఆ రోజు పుస్తకం తెరిచి నిన్నటి పేజీ చూసి మూసేసినా చాలు. ఇంకో మాట, సీ షిఫ్టు అవగానే నిద్రకళ్ళతో బైకు మీద జిమ్ముకి బయల్దేరే కుర్రాళ్ళకు చెబుతున్నాను, దయచేసి వద్దు. ముందు ఇంటికెళ్ళి పడుకోండి.

మాల వేసుకున్న 41 రోజులూ అన్నీ చక్కగా చేశాను. మాల తీశాక వారానికే పాత మనిషినైపోయాను. ఎందుకిలా?

ఇన్ని ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే దీనికి జవాబు మనందరి కళ్ళ ముందే ఉంది. అయ్యప్ప దీక్షలో ఉన్న మనిషిని చూడండి. తెల్లవారకముందే లేచి చన్నీళ్ళ తలస్నానం, పూజ, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, చాప మీద నిద్ర. సిగరెట్ లేదు, మందు లేదు. ఇరవై ఏళ్ళుగా మానలేనివాడు ఆ నలభై ఒక్క రోజులూ మానేస్తాడు. భక్తి ఉంది, దాన్ని తక్కువ చేసి నేను మాట్లాడను. కానీ భక్తికి తోడు దీక్ష మనిషి చుట్టూ ఒక కట్టుబాటు అల్లుతుంది. ఎప్పుడు లేవాలో ఎవరూ ఆలోచించుకోనక్కర్లేదు. ఒంటి మీద నల్లబట్టలు, మెడలో మాల ఉన్నంతసేపూ తాను ఎవరో తనకు గుర్తుంటుంది. వీధిలో పిల్లాడు కూడా "స్వామీ" అని పిలుస్తాడు, అలా పిలిపించుకున్న మనిషి పాన్ షాపు దగ్గర ఆగలేడు. గురుస్వామి ఉంటాడు, సాయంత్రం భజనకు వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళుంటారు. ఇంట్లోవాళ్ళు కూడా వంట దగ్గర్నుంచి అన్నీ ఆయనకు తగ్గట్టు మార్చుకుంటారు.

శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒకేసారి పోతాయి. బట్టలు మారిపోయాయి, పిలుపు మారిపోయింది, భజన లేదు, చాప చుట్టి అటక మీదికెళ్ళింది. పాత మంచం, పాత స్నేహితులు, డ్యూటీ దిగాక పాత టీకొట్టు అలాగే ఉన్నాయి. మనిషి బలహీనుడై పోలేదు, అతన్ని పట్టి నిలబెట్టినవి పోయాయి. వెండీ వుడ్ అనే అమెరికా సైకాలజిస్టు, మరో యూనివర్సిటీకి మారిన విద్యార్థుల మీద 2005లో ఇలాంటి సంగతే రాశారు. వ్యాయామం, పేపర్ చదవడం, టీవీ చూడటం లాంటి అలవాట్లు కొత్తచోట కూడా పాత సందర్భం దొరికినవాళ్ళకు నిలిచాయి, సందర్భం మారినవాళ్ళకు చెదిరిపోయాయి.

కాబట్టి మాల తీసే ముందే దీక్షలోంచి ఒక్కదాన్ని ఎంచుకుని దాని చుట్టూ ఉన్నవి కూడా ఉంచుకోండి. మా డ్యూటీలో ఒకాయన సిగరెట్ మానేయడం నిలబెట్టుకున్నాడు. పొద్దున స్నానం, దేవుడి ముందు రెండు నిమిషాలు అలాగే ఉంచుకున్నాడు, టీ మాత్రం పాత కొట్టుకి వెళ్ళకుండా క్యాంటీన్‌లో తాగడం మొదలుపెట్టాడు, తోటి స్వాములు ఇద్దరితో ప్రతి శనివారం గుడికి వెళ్తున్నాడు. చెప్పుల్లేకుండా నడవడం, నేల మీద పడుకోవడం వదిలేశాడు. అన్నీ ఉంచుకోవాలని చూసి ఉంటే ఏదీ మిగిలేది కాదని నా నమ్మకం.

ఒక రోజు తప్పింది. ఇప్పటిదాకా చేసిందంతా వృథాయేనా?

వృథా కాదు. లండన్ వాళ్ళ పరిశోధనలోనే ఇది కూడా తేలింది, ఒక్క అవకాశం తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. అసలు ప్రమాదం తప్పిన మర్నాడు ఉంటుంది.

నా మూడో ప్రయత్నం ఎలా ఆగిందో చెబుతాను. నలభై రోజులు బాగా నడిచింది. తర్వాత రెండు రోజులు జ్వరం, ఆ వెంటనే చెల్లెలి పెళ్ళి పనులు, మొత్తం పదకొండు రోజులు పుస్తకం ముట్టలేదు. పన్నెండో రోజు ఆదివారం. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున పదకొండు రోజులకు 220 నిమిషాలు బాకీ పడ్డానని లెక్క వేసుకుని, ఆ రోజే మొత్తం తీర్చేయాలని కూర్చున్నాను. నలభై నిమిషాలకే తల దిమ్మెక్కింది. పుస్తకం మూసేశాను, మళ్ళీ తెరవడానికి ఎనిమిది నెలలు పట్టింది. జ్వరం వల్లో పెళ్ళి వల్లో కాదు, ఆ బాకీ లెక్క వల్ల పోయింది నా చదువు. ఆ ఎనిమిది నెలలూ పుస్తకాల బీరువా వైపు చూస్తేనే అప్పులవాణ్ణి చూసినట్టుండేది.

తప్పిన రోజు పోయింది, దాన్ని కూడబెట్టుకోకండి. మర్నాడు మామూలుగా ఒక రోజు పని మాత్రమే చేయండి, కుదరకపోతే అందులో కనీస భాగం చేయండి. ప్రతి పనికీ ఒక కనీస రూపం ముందే అనుకుని ఉండాలి. చదువుకి ఒక పేజీ, నడకకి వీధి చివరిదాకా వెళ్ళి రావడం, సంగీతానికి ఒక్కసారి సరళీ స్వరాలు. ఒళ్ళు బాగోలేని రోజు, డ్యూటీలో ఓవర్‌టైం పడ్డ రోజు అదే చేసి పడుకోవాలి. నేను పెట్టుకున్న నియమం ఒకటే, వరసగా రెండు రోజులు తప్పనివ్వను. ఈ పద్నాలుగు నెలల్లో నావి విడివిడిగా తప్పిన రోజులు చాలా ఉన్నాయి, క్యాలెండర్‌లో లెక్కపెడితే 61. అయినా పరీక్ష పాసయ్యాను.

పెళ్ళిళ్ళు, పండగలు, ఊరి ప్రయాణాలు, తుఫాన్లు. వారాలకు వారాలు పోతాయి కదా?

పోతాయి. మన ఫిషింగ్ హార్బర్ చూడండి. ప్రతి ఏడాది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ బోట్లు కట్టేసి ఉంటాయి గానీ రేవు ఖాళీగా ఉండదు. ఇంజన్లు విప్పి బాగుచేస్తారు, రంగులు వేస్తారు, చిరిగిన వలలు అల్లుకుంటారు. జూన్ 15 ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. ఇబ్బందులు వాళ్ళకు చాలా ఉన్నాయి, నిషేధం సుఖమని చెప్పడం లేదు. విరామానికి మొదలు, చివర రెండూ తెలిసి ఉండటం ఎంత మేలో చెబుతున్నాను. సంక్రాంతికి శ్రీకాకుళం వైపు ఊరెళ్తుంటే "13 నుంచి 17 దాకా లేదు, 18 సాయంత్రం మళ్ళీ కుర్చీ" అని వెళ్ళే ముందే రాసిపెట్టండి. ఎప్పుడు మొదలుపెట్టాలో రాయని విరామం ఎన్నాళ్ళైనా సాగుతుంది.

చెప్పకుండా వచ్చేవాటి సంగతి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం ఆరుగురం రోజూ కలిసి నడిచేవాళ్ళం. చెట్లన్నీ కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని తిరగడంతోనే సరిపోయింది. అన్నీ సర్దుకున్నాక తిరిగి నడకకు వచ్చింది ఇద్దరమే. మిగతావాళ్ళు బద్ధకస్తులు కారు. మేం కలుసుకునే చింతచెట్టు పడిపోయింది, కొత్తగా ఎక్కడ కలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు, అంతే. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా మొదటి వారంలోనే కొత్త చోటు తేల్చుకోండి.

ఇద్దరు చిన్నపిల్లలు, మంచంలో ఉన్న అత్తగారు. నాకంటూ పది నిమిషాలు కూడా ఉండవు. నేనేం చేయను?

అమ్మా, మీకు క్రమశిక్షణ గురించి చెప్పే అర్హత నాకు లేదు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంతమందిని చూసుకుంటున్నవాళ్ళకు ఉన్నంత క్రమశిక్షణ నాకెక్కడిది? మీకు కావాల్సింది ఎవరైనా మీ చేతిలో పని అందుకోవడం. ఈ మాట మీ ఇంట్లోవాళ్ళకు చూపించండి.

నేను చదివిన పద్నాలుగు నెలలూ ఆ ఇరవై నిమిషాలు మా అమ్మాయిని నా గదిలోకి రానివ్వకుండా చూసింది నా భార్య. అది నాకు అప్పుడు కనబడలేదు. పరీక్ష అయ్యాక ఆవిడ కుట్టు నేర్చుకుంటానంది, రెండు వారాలకే ఆపేసింది. ఎందుకని అడిగితే, మెషిన్ దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు పిలుస్తున్నారంది. అప్పుడు తెలిసొచ్చింది. డ్యూటీ లేని సాయంత్రాలు ఆరున్నర నుంచి ఏడు దాకా ఫోనూ, బెల్లూ, పాలూ, పిల్లా అన్నీ నావి అని ఒప్పుకున్నాను. నాకు బీ షిఫ్టు ఉన్న వారం ఎదురింటి పిన్ని చూసుకుంటారు. ఇప్పుడు మా ఆవిడ తన బ్లౌజులు తానే కుట్టుకుంటోంది. అరగంట కాకపోతే పావుగంట అడగండి, కానీ "ఎప్పుడైనా వీలైతే" అని అడగకండి, ఏ రోజు ఎన్నింటికి ఎవరు అన్నది తేల్చుకోండి.

కూర్చోగానే చేయి ఫోన్ మీదికి పోతుంది.

ఫోన్ వేరే గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకోవడం నాకు పనిచేయలేదు. మా ఇంట్లో చార్జర్ వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఉంటుంది, కుర్చీ దగ్గర ప్లగ్గే లేదు. డ్యూటీ నుంచి అర్జెంటు ఫోన్లు వస్తాయనుకుంటే రింగ్ పెద్దగా పెట్టి అక్కడే వదిలేయండి, వినబడుతుంది.

ఏదైనా యాప్ చెప్పండి.

గోడ మీద తెలుగు క్యాలెండర్ చాలు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తారీఖు, అమావాస్య, ఏకాదశి అన్నీ చూసేది దాన్లోనే కాబట్టి ఇంట్లో అందరి కళ్ళూ రోజూ దాని మీద పడతాయి. చేసిన రోజు ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి. మా అమ్మాయి నేను చుక్క పెట్టడం మర్చిపోతే అడిగేది. చేయని రోజు అడ్డగీతలు పెట్టొద్దు, ఖాళీగా వదిలేయండి.

గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాను. రోజుకి పది గంటలు చదవాలంటున్నారు.

ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటూ హాస్టళ్ళలో ఉండే పిల్లలు ఈ పది గంటల మాటకి నలిగిపోవడం చూస్తున్నాను. గంటలు లెక్కపెట్టడం తగ్గించి, నిన్న చదివింది ఈ రోజు గుర్తుందా లేదా చూసుకోండి. మనిషి ఎంత త్వరగా మర్చిపోతాడో 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకుని రాశారు. అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, గంట తర్వాత, రోజు తర్వాత, నెల తర్వాత ఎంత మిగిలిందో కొలిచారు. చదివిన మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుంది. మళ్ళీ మళ్ళీ ఎడం ఇచ్చి చూసుకుంటే నిలుస్తుంది. అందుకని రోజు మొదట్లో అరగంట, పుస్తకం మూసి నిన్నటిది తెల్లకాగితం మీద రాయడానికి కేటాయించండి. రాలేని దగ్గర పుస్తకం తెరవండి. ఆ తర్వాతే కొత్త పాఠం. నేను ఇరవై నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు దీనికే వాడాను.

గది ఇరుకైతే ద్వారకానగర్‌లోనే విశాఖపట్నం పౌర గ్రంథాలయం ఉంది. రోజూ అదే టైంకి వెళ్ళి, వీలైతే అదే బల్ల దగ్గర కూర్చోండి.

డాక్టర్ నడవమన్నారు. ఎంతసేపు? ఈ ఉక్కపోతలో ఎలా?

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి వేగంతో ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు రోజులు, రోజుకి అరగంట. ఒకేసారి కుదరకపోతే పది పది నిమిషాలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. బీచ్ దగ్గర ఉన్నవాళ్ళకు అదృష్టం, పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర బళ్ళు ఆపేస్తారు, కురుసుర సబ్‌మెరైన్ దాటి హాయిగా నడవొచ్చు. కానీ గాజువాక నుంచో మధురవాడ నుంచో రోజూ బీచ్‌కి వెళ్ళి నడుస్తాననుకోవడం నేల విడిచి సాము చేయడమే, ఆదివారానికి ఉంచుకోండి. మా అమ్మకు షుగర్ అని తెలిశాక మూడు నెలలు శివాజీ పార్కు గురించి మాట్లాడుకున్నాం గానీ ఒక్కసారీ తీసుకెళ్ళలేకపోయాను. చివరికి ఆవిడే సాయంత్రం దీపం పెట్టాక డాబా మీద తిరగడం మొదలుపెట్టింది. మే నెలలో డాబా సెగలు కక్కుతుందని దీపం పెట్టగానే కాకుండా భోజనం అయ్యాక, ఎనిమిదిన్నరకు మార్చుకుంది. షుగర్ మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు టైం మార్చే ముందు డాక్టర్ని అడగండి, నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

పొదుపు చేయాలనుకుంటాను, నెలాఖరుకి ఏమీ మిగలదు.

మిగిలితే దాచడం అనే పద్ధతి వదిలేయండి. జీతం పడిన మర్నాడే బ్యాంకు దానంతటదే తీసుకునేలా రికరింగ్ డిపాజిట్ పెట్టండి, ఐదొందలైనా సరే. ఇందులో మీరు రోజూ చేయాల్సిందేమీ లేదు, ఒక్కసారి బ్యాంకుకి వెళ్తే చాలు. చేతి నిండా అధిక వడ్డీ అప్పులుంటే మాత్రం ముందు అవి తీర్చండి.

తోడు ఎవరైనా ఉంటే మంచిదా?

ఒక్కరుంటే చాలు, ఆ ఒక్కరూ మీకోసం ఎక్కడో ఎదురుచూడాలి. ముప్పై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో రోజూ బొటనవేలి బొమ్మలు పెట్టుకోవడం నాకు ఉపయోగపడలేదు. ఆదివారం ఆరింటికి కాళీమాత గుడి ఎదురుగా మా స్నేహితుడు నిలబడి ఉంటాడని తెలిస్తే మాత్రం నేను దుప్పటి తీసేస్తాను. మీకంటే చాలా ముందున్నవాళ్ళను తోడు పెట్టుకోకండి, వాళ్ళ వేగం చూసి మీకు నీరసం వస్తుంది.

ఎన్నిసార్లు మొదలుపెట్టినా మనసు రావడం లేదు. వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు, ముందు ఒక్కటి చూసుకోండి. ఈ లక్ష్యం ఎవరిది? మా బంధువుల అబ్బాయి నాన్న కోసం మూడేళ్ళు గ్రూప్స్ చదివాడు, రోజూ లైబ్రరీకి వెళ్ళేవాడు, రొటీన్‌లో లోటేమీ లేదు. వాడికి చేతులతో చేసే పని ఇష్టం. ఇప్పుడు ఏసీలు బాగుచేసే పని నేర్చుకుని, పొద్దున ఎవరూ లేపకుండా లేస్తున్నాడు. లక్ష్యం మీదే అయి ఉండి, పని పెద్దదవడం వల్ల మనసు రాకపోతే సగానికి కోసేయండి, అప్పటికీ రాకపోతే మళ్ళీ సగానికి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకడం ఎందుకనిపించడం ఉంటే అది బద్ధకం కాదు. టైంటేబుల్ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళప్పుడైనా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వెంటనే ఇంట్లో ఒకరికి కూడా చెప్పండి.

అనుకున్నది సాధించాక రొటీన్ ఆపేయొచ్చా?

పరీక్ష రాసిన సాయంత్రం నేను ఆపేశాను. పద్దెనిమిది రోజులు ఆ కుర్చీ వైపు వెళ్ళలేదు, స్నానం చేసి నేరుగా అన్నానికి కూర్చునేవాణ్ణి, కానీ ఆ మధ్యలో ఏదో మర్చిపోయినట్టు ఉండేది. పంతొమ్మిదో రోజు వెళ్ళి కూర్చున్నాను, చదవడానికేమీ లేక ఆ రోజు పేపర్ చదివాను. ఇప్పుడు ఆ కుర్చీ మా అమ్మాయిది, ఏడో తరగతి లెక్కలు అక్కడే చేసుకుంటుంది. నాకోసం పక్కన ఒక స్టూలు వేసింది. స్నానం చేసి రాగానే "నాన్నా, ఇరవై నిమిషాలు" అంటుంది, తన లెక్కలు తను చేసుకుంటుంది, నేను నా పుస్తకం చదువుకుంటాను.